పదిహేనేళ్ల పిల్లవాడికి కాస్మెటిక్ సర్జరీ: హైదరాబాద్‌లోని ఒక కేంద్రం ఇచ్చిన సలహా సేవపై సమీక్ష

హైదరాబాద్‌లో కాస్మెటిక్ సర్జరీ కేంద్రాలకు కొదవ లేదు. జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ వైపు వెళ్తే జుట్టు, ముక్కు, పొట్ట, ఛాతీ అంటూ శరీరాన్ని తలా ఒక భాగం పంచుకున్నట్టు బోర్డులు వరసగా కనిపిస్తాయి. ఈ సమీక్ష అలాంటి ఒక కేంద్రం గురించి. అక్కడ మేము ఆపరేషన్ చేయించుకోలేదు కనుక సర్జన్ చేతి పనితనం గురించి నేను ఏమీ చెప్పలేను. ఆపరేషన్‌కు ముందు జరగవలసిన సేవను, అంటే పరీక్షను, సలహాను, ఖర్చు చెప్పిన తీరును, సంతకం కోసం మా ముందు పెట్టిన కాగితాలను మాత్రమే ఇక్కడ పరిశీలిస్తున్నాను. మాతో వచ్చినవాడు మైనర్ కాబట్టి, వాడి వివరాలు ఎవరూ పోల్చుకోకూడదు కాబట్టి కేంద్రం పేరు రాయడం లేదు.

మా అక్క కొడుకుకు పదిహేనేళ్లు. సుమారు ఏడాదిగా వాడి ఛాతీ రెండు వైపులా కొంచెం ఉబ్బెత్తుగా కనిపిస్తోంది. ఎండాకాలంలో కూడా బనియను మీద మందపాటి చొక్కా, దాని మీద మరొకటి వేసుకుని తిరిగేవాడు. భద్రాచలం వెళ్లినప్పుడు అందరూ గోదావరిలో స్నానం చేస్తుంటే వాడు మాత్రం మెట్ల మీదే కూర్చున్నాడు. పదో తరగతి పరీక్షలు అయిపోయాయి, జూన్‌లో ఇంటర్మీడియట్ కోసం హాస్టల్‌లో చేరాలి, ఒకే గదిలో నలుగురైదుగురు పిల్లలతో బట్టలు మార్చుకుంటూ రెండేళ్లు గడపాలి. ఈలోగా సెలవుల్లోనే ఆపరేషన్ చేయిస్తే వాడు నలుగురిలో తల ఎత్తుకుని తిరుగుతాడని అక్క ఆలోచన. ఆమె ఆందోళనను నేను తేలికగా తీసుకోలేదు. తోటివాళ్ల వెక్కిరింత ఆ వయసు పిల్లలను ఎంత కుంగదీస్తుందో హాస్టల్‌లో చదివిన ఎవరికైనా తెలుసు.

డాక్టర్లు దీన్ని గైనెకోమాస్టియా అంటారు. యుక్తవయసు మొదలయ్యే దశలో స్త్రీ, పురుష హార్మోన్ల పాళ్లు కొంతకాలం అటూ ఇటూ అవుతాయి. ఆ సమయంలో మగపిల్లల చనుమొన వెనుక ఉండే గ్రంథి కణజాలం కొద్దిగా పెరుగుతుంది. ఎదిగే మగపిల్లల్లో దాదాపు సగం మందిలో ఇది ఏదో ఒక స్థాయిలో కనిపిస్తుందని వైద్య గ్రంథాలు చెబుతాయి. వారిలో అత్యధికులకు ఆరు నెలల నుంచి రెండేళ్లలోపు దానంతట అదే తగ్గిపోతుంది. కొద్దిమందికి మాత్రం నిలిచిపోయి, ఆ కణజాలం గట్టిపడుతుంది. అప్పుడు మందులు పెద్దగా పనిచేయవు, శస్త్రచికిత్సే మార్గం. గ్రంథి పెరగకుండా కేవలం కొవ్వు చేరినందువల్ల అలా కనిపించేవాళ్లు వేరే ఉన్నారు, వారికి చేయవలసింది వేరు. అరుదుగా థైరాయిడ్ జబ్బు, కాలేయ జబ్బు, కొన్ని రకాల మందులు, జిమ్‌లలో చేతులు మారే స్టెరాయిడ్లు, పుట్టుకతో వచ్చే క్రోమోజోమ్ తేడా కూడా కారణం కావచ్చు. ఈ కేంద్రం సేవను తూచడానికి ఇంతకంటే ఎక్కువ వైద్య పరిజ్ఞానం అవసరం లేదు, ఎందుకంటే నా ఫిర్యాదు అంతా పై విషయాల్లో అక్కడ మాకు ఏవి చెప్పారు, ఏవి చెప్పలేదు అన్న దాని చుట్టూనే తిరుగుతుంది.

ముందుగా బాగున్నవి చెబుతాను. అపాయింట్‌మెంట్ ఇచ్చిన సమయానికే లోపలికి పిలిచారు. ఆవరణ శుభ్రంగా ఉంది. సర్జన్ చదువు, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు గది బయట గోడ మీద స్పష్టంగా రాసి ఉన్నాయి. ఆయన జనరల్ సర్జరీలో ఎం.ఎస్. తరువాత ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సిహెచ్. చేసినవారు. ఇది చిన్న విషయం కాదు. రెండు మూడు వారాల కోర్సులు చేసి కాస్మెటిక్ నిపుణులమని బోర్డు పెట్టుకున్నవాళ్లు తక్కువేమీ లేరు. వర్క్‌షాపులలోనో యూట్యూబ్‌లోనో చూసి నేర్చుకున్నది ఇలాంటి చికిత్సలు మొదలుపెట్టడానికి చాలిన శిక్షణ కాదని జాతీయ వైద్య కమిషన్ 2022లో మార్గదర్శకాల్లో ప్రత్యేకంగా రాయవలసి వచ్చిందంటే పరిస్థితి ఎలా ఉందో ఊహించవచ్చు. ఆ లెక్కన ఈ కేంద్రం మెరుగైనదే.

అయితే సర్జన్ కంటే ముందు మమ్మల్ని కూర్చోబెట్టింది కౌన్సెలర్ గదిలో. ఆమె డాక్టరు కాదు, నర్సు కూడా కాదు. మర్యాదగా, చక్కటి తెలుగులో మాట్లాడారు. పిల్లవాడి వయసు, బరువు అడిగి రాసుకున్నారు. వెంటనే ట్యాబ్‌లో ఆపరేషన్‌కు ముందు, తరువాత తీసిన ఫోటోలు చూపించారు. అన్నీ బాగా వచ్చినవే. ఆ ఫోటోల్లో ఉన్నవాళ్లలో ఒక్కరు కూడా ఇరవై ఏళ్లలోపు వారిలా అనిపించలేదు. నేను ఆ మాట అంటే, “చిన్న వయసులో చర్మం బాగా సాగుతుంది సార్, రిజల్ట్ ఇంకా బాగుంటుంది” అన్నారు. చర్మం గురించి ఆమె చెప్పింది అబద్ధం కాకపోవచ్చు. కాని చిన్న వయసులో హార్మోన్లు ఇంకా కుదురుకోవు కనుక తీసేసిన తరువాత కూడా మళ్లీ పెరిగే అవకాశం ఉందన్న రెండో సగం ఆమె చెప్పలేదు. డాక్టరు పిల్లవాడిని చూడకముందే ప్యాకేజీ ధర వచ్చింది, వడ్డీ లేని ఈఎంఐ వచ్చింది, ఆ వారంలో అడ్వాన్స్ కడితే కొంత తగ్గింపు ఉంటుందన్న మాట కూడా వచ్చింది. రోగం ఏమిటో తేలకముందే తగ్గింపు ధర పలికే వైద్యాన్ని నేను నమ్మలేను. కాలం గడిస్తే తనంతట తాను తగ్గిపోయే అవకాశం ఉన్న సమస్యకు ఒక వారం గడువు పెట్టడం మరీ విచిత్రం.

సర్జన్ పద్ధతి వేరుగా ఉంది, ఆయన ఏమీ తొందర పెట్టలేదు. పరీక్ష చేసి, గ్రంథి భాగం ఉన్నదని, కొవ్వు కూడా కొంత ఉన్నదని చెప్పారు. లైపోసక్షన్‌తో కొవ్వు తీసి, చనుమొన చుట్టూ ఉండే నల్లని భాగం అంచున చిన్న కోత పెట్టి గ్రంథిని తీస్తామని, మత్తు ఇస్తామని, అదే రోజు లేదా మర్నాడు ఇంటికి పంపుతామని వివరించారు. మచ్చ పూర్తిగా పోదని, రక్తం లేదా నీరు చేరవచ్చని, గ్రంథి మరీ ఎక్కువగా తీస్తే అక్కడ గుంట పడవచ్చని, స్పర్శ కొంతకాలం తగ్గవచ్చని నేను అడగకుండానే చెప్పారు. ఆపరేషన్ తరువాత కొన్ని వారాల పాటు బిగుతైన వెస్ట్ వేసుకోవాలన్నారు. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ ఎండకు పగలూ రాత్రీ అది వేసుకుని ఉండటం ఎలాగో ఆలోచించుకోవలసిన విషయమే, సెలవుల్లో చేయించాలనుకునేవాళ్లు దీన్ని లెక్కలోకి తీసుకోవాలి.

ఆయన చెప్పినదంతా ఆపరేషన్ ఎలా జరుగుతుందన్న దాని గురించే. ఇప్పుడు చేయాలా, ఆగాలా అన్న ప్రశ్నను మేము వేసేదాకా ఆ గదిలో ఎవరూ వేయలేదు. అక్క అడిగినప్పుడు ఆయన, “ఆగినా నష్టం లేదమ్మా, కాని బాబు ఇబ్బంది పడుతున్నాడు కదా” అన్నారు. ఎప్పటి నుంచి పెరుగుతోంది, ఏ మందులైనా వాడుతున్నాడా, ఇంకా పెరుగుతోందా లేక ఆగిపోయిందా అని అడగలేదు. రక్త పరీక్షల ప్రస్తావన ఆపరేషన్‌కు ఫిట్‌నెస్ కోసమే వచ్చింది. హార్మోన్లు, థైరాయిడ్, కాలేయం పనితీరు చూడాలన్న మాట రాలేదు. వాటిలో ఏదైనా తేడా ఉంటే కారణం లోపలే ఉండిపోతుంది, పైన కనిపించేది మాత్రం కోసి తీసేసినట్టవుతుంది. సర్జన్ అసమర్థుడని నేను అనుకోవడం లేదు. ఆ కేంద్రంలోకి వచ్చిన ప్రతి మనిషీ ఆపరేషన్ చేయించుకోవాలని నిర్ణయించుకునే వచ్చాడన్న లెక్కతో అక్కడి ఏర్పాటంతా నడుస్తోంది; పదిహేనేళ్ల పిల్లవాడి విషయంలో ఆ లెక్క తప్పుతుంది.

వాడితో విడిగా ఎవరూ మాట్లాడకపోవడం నాకు అన్నిటికంటే పెద్ద లోపంగా తోచింది. తల్లి, మేనమామ పక్కన కూర్చుని ఉండగా “ఏం బాబూ, చేయించుకుంటావా?” అని అడిగితే ఏ పిల్లవాడైనా తల ఊపుతాడు. బయటకు వచ్చాక కారులో వాడు నన్ను అడిగిన మొదటి ప్రశ్న, “మామయ్యా, నాకున్నది జబ్బా?” అని. కన్సల్టేషన్ ఫీజు కట్టి వచ్చిన రోగికి ఆ ప్రశ్నకు జవాబు దొరకకుండా బయటకు పంపిన సేవకు నేను ఎక్కువ మార్కులు వేయలేను. కౌమారంలో తమ రూపం గురించి అదే పనిగా బాధపడటం ఒక్కోసారి మానసిక రుగ్మతగా మారుతుంది, బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్ అనే ఆ రుగ్మత తరచుగా మొదలయ్యేది కూడా ఈ వయసులోనే. అది ఉన్నవారికి ఆపరేషన్ వల్ల సాధారణంగా ఊరట దొరకదు, దృష్టి మరొక అవయవం మీదికి మళ్లుతుంది. మావాడికి అది లేదు. కాని లేదని తేల్చడానికి అక్కడ ఎవరూ ఒక్క ప్రశ్న కూడా వేయలేదు.

ఇక కాగితాల సంగతి. అంగీకార పత్రం పూర్తిగా ఇంగ్లీషులో ఉంది. మా అక్క తెలుగు మాధ్యమంలో చదువుకున్నది. ఆమె సంతకం చేయవలసిన చోట టిక్కులు పెట్టి ఇచ్చారు. 2002 నాటి వైద్య నైతిక నియమావళి ప్రకారం మైనర్‌కు ఆపరేషన్ చేయాలంటే తల్లి లేదా తండ్రి లేదా సంరక్షకుని రాతపూర్వక అంగీకారం తప్పనిసరి. అంగీకారం అంటే విషయం తెలిసి ఇచ్చేది కావాలని, ప్రత్యామ్నాయాలను, నష్టాలను రోగికి తగినంతగా చెప్పాలని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో స్పష్టంగా చెప్పింది. చదివి అర్థం చేసుకోలేని భాషలో ఉన్న పత్రం మీద తీసుకున్న సంతకం ఆ తీర్పు స్ఫూర్తికి ఎంత దూరంలో ఉందో వేరే చెప్పనక్కరలేదు. పిల్లవాడి సమ్మతి కోసం ఆ పత్రంలో ఒక గీత కూడా లేదు.

అదే పత్రం చివరి పేజీలో, ఆపరేషన్‌కు ముందు, తరువాత తీసే ఫోటోలను ‘విద్యా, ప్రచార’ అవసరాలకు వాడుకోవచ్చన్న వాక్యం ఉంది. అది విడి పత్రం కాదు, ఆపరేషన్ అంగీకారంలోనే కలిపేశారు. ముఖం కనిపించదని కౌన్సెలర్ అన్నారు. పదిహేనేళ్ల పిల్లవాడి శరీరం ఫోటోను ప్రకటనకు వాడే హక్కును ఎవరూ అడగకూడదు, ముఖం కనిపించినా కనిపించకపోయినా. ఆ వాక్యాన్ని కొట్టేయవచ్చా అని నేను అడిగితే వెంటనే కొట్టేసి ఇచ్చారు, అది వారి మర్యాద. అడగనివాళ్ల మాటేమిటన్నది నా సందేహం. ఇలాంటి పత్రం మీ ముందుకు వస్తే చివరి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టండి.

ఖర్చు అంచనా కాగితం చూస్తే నాకు నవ్వొచ్చింది. కౌన్సెలర్ గదిలో ఇది జబ్బు, నిర్లక్ష్యం చేయకూడదు అన్నారు. అంచనాలో మాత్రం జీఎస్టీ కలిపారు. వైద్య సేవలకు జీఎస్టీ మినహాయింపు ఉంది. ఆ మినహాయింపు వర్తించనిది కాస్మెటిక్ లేదా ప్లాస్టిక్ సర్జరీకి, అదైనా పుట్టుకతో వచ్చిన లోపం, ఎదుగుదలలో వచ్చిన తేడా, గాయం వంటి వాటిని సరిచేయడానికి కాకుండా అందం కోసం చేసినప్పుడు. అంటే ఒప్పించేటప్పుడు జబ్బు, బిల్లు రాసేటప్పుడు అందం. రెండింటిలో ఏది నిజమో కేంద్రమే తేల్చుకోవాలి. ఆరోగ్య బీమా గురించి అడిగితే రాదని నిజాయితీగానే చెప్పారు. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తరువాత చేసే పునర్నిర్మాణానికి తప్ప కాస్మెటిక్ సర్జరీకి మన పాలసీలు సాధారణంగా డబ్బు ఇవ్వవు. మాకు చెప్పిన మొత్తం లక్ష దాటింది. తగ్గింపు పోను కూడా.

ఆ తరువాత మేము నగరంలోనే మరొక ఆసుపత్రిలో పిల్లల హార్మోన్ల నిపుణురాలిని కలిశాం. పోల్చడం కోసమే ఆ సంగతి రాస్తున్నాను. ఆమె ముందు మమ్మల్ని బయట కూర్చోమని వాడితో ఒంటరిగా మాట్లాడారు. ఎత్తు, బరువు కొలిచారు, ఎదుగుదల ఏ దశలో ఉందో చూశారు, మందుల గురించి, ఇంట్లో ఎవరికైనా ఇలా ఉండేదా అన్న దాని గురించి అడిగారు, కొన్ని రక్త పరీక్షలు రాశారు. అన్నీ సాధారణంగానే వచ్చాయి. మా బావకు కూడా ఆ వయసులో ఇలాగే ఉండి తగ్గిపోయిందని ఆమె అడిగిన ప్రశ్న వల్లనే మాకు తెలిసింది. పదిహేనేళ్లుగా ఆ ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. పద్దెనిమిది నిండేదాకా ఆరు నెలలకొకసారి చూద్దామని, అప్పటికీ ఉండిపోతే ఆపరేషన్ మంచి మార్గమేనని, ఈలోగా బరువు కొంచెం తగ్గితే సగం తేడా అక్కడే కనిపిస్తుందని చెప్పారు. ఈ సలహాకు అయిన ఖర్చు, పరీక్షలతో కలిపి, సర్జరీ కేంద్రం అడిగిన అడ్వాన్స్‌లో చిన్న భాగం కూడా కాదు.

దీన్ని బట్టి టీనేజీ పిల్లలకు కాస్మెటిక్ సర్జరీ ఎప్పుడూ తగదని నేను తీర్మానించడం లేదు. మరీ ముందుకు పొడుచుకు వచ్చిన చెవులను ఐదారేళ్ల వయసులోనే సరిచేస్తారు, ఎందుకంటే అప్పటికే చెవి దాదాపు పూర్తి పరిమాణానికి చేరుతుంది. గ్రహణం మొర్రి, కాలిన మచ్చలు, పుట్టుకతో వచ్చిన వైకల్యాలు అసలు ఈ చర్చలోకే రావు. వాటికి ఆలస్యం చేయడమే అన్యాయం. ముక్కు ఎదుగుదల ఆడపిల్లల్లో పదిహేను, పదహారేళ్లకు, మగపిల్లల్లో మరికొంత ఆలస్యంగా పూర్తవుతుంది కాబట్టి సర్జన్లు అప్పటిదాకా ఆగమంటారు. అమెరికాలో ఆహార, ఔషధ సంస్థ రొమ్ముల పరిమాణం పెంచే సెలైన్ ఇంప్లాంట్లకు 18, సిలికాన్ ఇంప్లాంట్లకు 22 ఏళ్ల కనీస వయసు పెట్టింది. అన్నిటికీ ఒకే వయసు ఉండదు. ఏ అవయవం ఎప్పుడు ఎదుగుదల ఆపుతుందో, ఏ సమస్య తనంతట తాను పోతుందో దాన్ని బట్టి నిర్ణయం మారాలి. మా అబ్బాయి సమస్య ఆగితే పోయే అవకాశం ఎక్కువగా ఉన్న జాబితాలో ఉంది.

ఆస్ట్రేలియా వైద్య మండలి 2016 నుంచి అమలు చేసిన మార్గదర్శకాల్లో, పద్దెనిమిది ఏళ్లలోపు వారికి పెద్ద కాస్మెటిక్ సర్జరీ చేయాలంటే సమ్మతి ఇచ్చిన తరువాత మూడు నెలలు ఆగాలని, ముందుగా మానసిక నిపుణుడు లేదా కుటుంబ వైద్యుడు చూడాలని ఉంది. ఇంగ్లండ్‌లో 2021 అక్టోబరు నుంచి పద్దెనిమిది నిండనివారికి అందం కోసం బొటాక్స్, ఫిల్లర్లు ఇవ్వడం నేరం. మన దగ్గర ఆచరణలో తల్లిదండ్రుల సంతకం ఉంటే దారి తెరుచుకుంటుంది. అందుకే ఆ ఆగే సమయాన్ని కేంద్రాలు తమంతట తాము పాటించాలని కోరుకోవాలి, లేదా తల్లిదండ్రులే పట్టుబట్టాలి. ఈ కేంద్రం ఒక వారం గడువు పెట్టి తగ్గింపు ఇస్తానన్నది. ఆస్ట్రేలియాలో మూడు నెలలు ఆగమంటున్నారు.

నా అంచనాలో, పద్దెనిమిది దాటి, సమస్య స్థిరపడి, హార్మోన్ల పరీక్షలు బయట చేయించుకుని వెళ్లేవారికి ఈ కేంద్రం బాగానే పనికివస్తుంది. సర్జన్ చదువు, ఆయన నష్టాలను దాచకుండా చెప్పిన తీరు దానికి బలం. మైనర్లతో వెళ్లేవారికి నేను సిఫారసు చేయను. డబ్బు ఇబ్బంది ఉన్నవారికి ఉస్మానియా ఆసుపత్రిలో, నిమ్స్‌లో, విశాఖ కేజీహెచ్‌లో ప్లాస్టిక్ సర్జరీ విభాగాలు ఉన్నాయని తెలిస్తే మంచిది. అక్కడ నిరీక్షణ ఎక్కువ, కాని ప్యాకేజీ అమ్మే మనిషి ఉండడు. కేంద్రం యాజమాన్యం ఇది చదివితే వారికి నా సూచన: పద్దెనిమిది ఏళ్లలోపు వారి దగ్గర కౌన్సెలర్‌ను కాకుండా డాక్టర్‌ను ముందు కూర్చోబెట్టండి, అంగీకార పత్రాన్ని తెలుగులో కూడా అచ్చు వేయించండి, ఫోటోల అనుమతిని దాని నుంచి పూర్తిగా తీసేయండి.

అక్క చివరకు అడ్వాన్స్ కట్టలేదు. కౌన్సెలర్ ఆ తరువాత కూడా ఫోన్ చేసి తగ్గింపు పొడిగించామని చెప్పారు. వద్దని చెప్పాక మళ్లీ చేయలేదు. మావాడు హాస్టల్ మాని ఇంటి నుంచి వెళ్లి వచ్చేలా ఖమ్మంలోనే కాలేజీలో చేరాడు, దానికి కారణం ఛాతీ కాదు, లెక్కల లెక్చరర్ మంచివాడని విని. పరీక్ష సమయంలో తీసిన ఫోటోలను తొలగించమని మేము రాతపూర్వకంగా అడిగాం. తొలగించినట్టు ఈమెయిల్‌లో జవాబు వచ్చింది, దాన్ని ప్రింటు తీసి రక్త పరీక్షల కాగితాలతో పాటు ఫైలులో పెట్టుకున్నాం.